రెండు కార్డులు, ఒక భుజం

పోయిన వారం అసాబి నా మగ్గం ముందుకు వచ్చి నిలబడిన చోట కథ ఆపాను. ఇంకా అక్కడే నిలబడి ఉంది. చినుకులు పడుతున్నాయి. ఆమె చేతిలో రెండు టీకా కార్డులు. ఒకదాని మీద నా పేరు, ఒకదాని మీద మా అన్న పేరు.

మధ్యలో అందుకున్నవాళ్ళకు నాలుగు ముక్కలు. నేను తాయివోని, ఇంట్లో తాయె అంటారు. మా అన్న కెహిండే. మేం కవలలం. నేను ముందు పుట్టాను, అందుకని నేను తమ్ముణ్ణి. మా యొరుబా వాళ్ళలో లెక్క అది. పెద్దవాడు కడుపులోనే కూర్చుని చిన్నవాణ్ణి పంపుతాడు, ఒరే, పోయి లోకం రుచి చూసి చెప్పు అని. చిన్నవాడు బయటికొచ్చి ఏడుస్తాడు. ఆ ఏడుపు విని పెద్దవాడు తాపీగా వెనక వస్తాడు.

డెబ్బై ఏళ్ళుగా మాకు అదే పద్ధతి. బడికి నన్ను ముందు పంపారు. మూడేళ్ళు వెళ్ళి, బాగుంది అన్నాను. ఇద్దరినీ చదివించే తాహతు నాన్నకు లేదు. నేను మగ్గం ఎక్కాను. అన్న బడికి వెళ్ళి హెడ్మాస్టరు అయ్యాడు. అన్నకు పిల్లను చూడ్డానికీ నన్నే ముందు పంపారు. పిల్ల మంచిది అన్నాను. ఆ పిల్ల అసాబి. అంతే.

మా ఊరు ఇసేయిన్‌కు టీకా వచ్చినప్పుడూ నేనే ముందు వెళ్ళాను. ఒక రాత్రి జ్వరం, మర్నాటికి తగ్గింది. అలాగే చెప్పాను. "అయితే నాది కూడా నువ్వే వేయించుకుని రా" అన్నాడు అన్న. ఎనిమిది రోజులు పోయాక అన్న టోపీ, అన్న కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళి అన్న పేరు మీద ఇంకో సూది వేయించుకున్నాను. ఆ కార్డు అసాబికి చూపించి మూడు నెలలుగా అన్న ఇంట్లో నిశ్చింతగా అమలా ముద్ద మింగుతున్నాడు.

ఇక్కడి దాకా వచ్చాం.

"ఏ భుజం?" అంది అసాబి.

నేను మగ్గంలో నాడె ఆడించడం ఆపలేదు.

"నిన్నే మరిదీ. ఈ రెండో కార్డు సూది ఏ భుజానికి పడింది?"

"కార్డు మీద ఉంటుంది."

"ఎడమ అని ఉంది. మనవరాలితో చదివించుకున్నాను. ఆ రోజు షియా నూనె వెచ్చబెట్టి ఆయన ఎడమ భుజానికి రాశాను. హాయిగా ఉందే అన్నారు. కుడి భుజం మీద చెయ్యి వేశానో లేదో, అమ్మో చచ్చానని అరిచారు."

నాకు నవ్వు వచ్చింది. అన్నకు చిన్నప్పుడూ నాటకాలు వచ్చేవి కాదు.

"నవ్వకు. చొక్కా చెయ్యి పైకి లాగు."

"దేనికి?"

"రెండు కార్డుల సూదులు ఒక్క భుజం మీద మోస్తున్న మనిషిని చూద్దామని."

నాడె కింద పెట్టాను. పడుగు చివర కట్టిన రాయి ఊగి ఆగింది.

"అప్పుడే తెలిస్తే ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నావు వదినా?"

"మీ పద్ధతి మీది కదా. తాయివో ముందు, కెహిండే వెనక. ఇవాళ కాకపోతే రేపు వెళ్తారు, పెద్ద మనిషి పరువు నేనెందుకు తీయాలి అనుకున్నాను. ఆయనకు రోజూ రేపే. లాడెజో కూడా రేపే అన్నాడు."

లాడెజో మా పక్కింటి కటికవాడు. ఎద్దును ఒంటరిగా పడగొట్టేవాడు. దగ్గు మొదలైన నాలుగో రోజుకు పోయాడు. మొన్న శుక్రవారమే మట్టి ఇచ్చి వచ్చాం. అన్నకు చక్కెర జబ్బు. ఊపిరి ఎప్పుడూ అంతంతమాత్రం. లాడెజోకు నాలుగు రోజులు ఇచ్చిన రోగం అన్నకు ఎన్ని ఇస్తుంది?

"ఇవాళ్టితో ఆఖరు," అంది అసాబి. "పొద్దున రేడియోలో చెప్పారు. రెండు గంటలకు టీకా పెట్టె ఇబాదాన్ పట్నానికి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా చెప్పలేదట. కొత్తవాళ్ళకు వేయడం లేదు. కార్డు ఉన్నవాళ్ళకు రెండో సూది, అంతే."

"కార్డు ఉంది కదా."

"కార్డు ఉంది. మనిషి కుర్చీలోంచి లేవడం లేదు. తాయెను పిలుచుకురా అని నన్ను పంపారు. ఎందుకో నీకు తెలుసు."

తెలుసు.

"టైమెంత?" అన్నాను.

"పదకొండు దాటింది. లే."

*

అన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. కాళ్ళ మీద దుప్పటి, ఒళ్ళో పాత పేపరు. నన్ను చూడగానే తల మీది టోపీ తీసి నా వైపు చాచాడు.

"రా తాయె. ఆలస్యం చేశావు. వాన పెద్దది కాకముందే వెళ్ళిరా. కళ్ళజోడు కూడా తీసుకో."

నేను తీసుకోలేదు.

"వెళ్ళను," అన్నాను.

అన్న చెవిటివాడిలా చూశాడు. ఆ మాట నా నోట అతను ఎప్పుడూ వినలేదు. నేనూ వినలేదు.

"ఏమన్నావు?"

"వెళ్ళనన్నాను. ఈసారి నువ్వు వెళ్ళు."

"నేనా? నువ్వు రుచి చూడకుండానా?"

"చూశాను కదా. రెండుసార్లు చూశాను. ఇంకా ఎన్నిసార్లు నాకమంటావు?"

టోపీ అలాగే గాలిలో ఉంది. చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి పోయింది. అన్న గొంతు సర్దుకుని బడి గొంతు తీశాడు.

"చూడు తాయె. మనిద్దరిదీ ఒకే ప్రాణం. అమ్మ ఎన్నిసార్లు చెప్పింది? చెట్టు మీంచి నువ్వు పడితే నేను ఏడ్చాను. అలాంటప్పుడు నీకు వేసిన మందు నాకు పని చేయదా?"

"ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు సైన్సు చెప్పిన నోరేనండీ ఇది?" అంది అసాబి గుమ్మంలోంచి. "ఆ పిల్లలెవరైనా విన్నారంటే వచ్చి మిమ్మల్ని బెంచీ ఎక్కిస్తారు."

"నువ్వు ఊరుకో. ఇది కవలల సంగతి."

"అవును, కవలల సంగతే. చస్తే మాత్రం నా ఒక్కదాని సంగతి."

అన్న నా వైపే చూస్తున్నాడు. నేను ఏదో ఒకటి అనాలి. నాకు మాటలు రావు. అయినా వచ్చాయి.

"అన్నా, నువ్వు తిన్నప్పుడు ఎప్పుడైనా నా కడుపు నిండిందా?"

అతను ఒళ్ళో పేపరు చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు బడికి వెళ్ళావు. నాకు చదువు వచ్చిందా?"

రేకుల మీద వాన చప్పుడు ఒక్కటే ఉంది. ఆ మాట అనాలని నేను ఎన్నడూ అనుకోలేదు. ఇన్నేళ్ళు ఎక్కడ కూర్చుందో, లేచి వచ్చేసింది. వెనక్కి తీసుకునే వీలు లేదు.

అన్న పేపరును మడిచాడు. మళ్ళీ మడిచాడు. ఇంక మడవడానికి లేనంత చిన్నదయ్యాక తల ఎత్తి చూశాడు.

"సరే. నువ్వు ఒకటి అడిగావు. నేనొకటి అడుగుతాను. నా పేరు మీద వేయించుకున్న సూది ఎలా ఉంది?"

"చెప్పాను కదా. ఏం లేదు. దోమ కుట్టినట్టు."

"మళ్ళీ చెప్పు."

"దోమ కుట్టినట్టు."

"అబద్ధం," అన్నాడు అన్న. కోపం లేదు గొంతులో. "మర్నాడు పొద్దున నీ మగ్గం చప్పుడు వినపడలేదు. నడుచుకుంటూ వచ్చాను. కిటికీలోంచి చూశాను. చాప మీద ముడుచుకుని పళ్ళు పటపటలాడిస్తున్నావు. మూడు రోజులు వచ్చాను. మూడు రోజులూ అంతే. నాలుగో రోజు నువ్వే మా ఇంటికి వచ్చి నవ్వుతూ దోమ కుట్టినట్టు అన్నావు."

"నువ్వు భయపడకుండా వెళ్తావని అలా అన్నాను."

"నేను వెళ్ళనిది అందుకే."

వాన జల్లు వరండాలోకి కొడుతోంది. ఎవరమూ జరగలేదు.

"సూదంటే నాకు భయం. ఎందుకు దాచడం," అన్నాడు అన్న. "కానీ మొదటిసారి వెళ్ళొచ్చి ఒక రాత్రి జ్వరం అన్నావు చూడు, అప్పుడు సగం ధైర్యం వచ్చింది. నాది కూడా నువ్వు వేయించుకొస్తే మిగతా సగం వస్తుంది, రెండో సూదికి నేనే వెళ్దామనుకున్నాను. ఒట్టు. లోకం గురించి నువ్వు చెప్పింది తప్ప నాకేం తెలుసురా? బడి బాగుందన్నావు, వెళ్ళాను. ఈవిడ మంచిదన్నావు, కట్టుకున్నాను. ఒక్కసారి నీ మాట తప్పింది లేదు. అలాంటిది నువ్వు నాకు అబద్ధం చెప్పావంటే, ఆ సూదిలో ఎంత చెడ్డది ఉండి ఉండాలి అనుకున్నాను."

నేను నేల చూశాను.

"మరి కిటికీ దాకా వచ్చినవాడివి లోపలికి రాలేదేం?"

"ఏ మొహం పెట్టుకుని రాను? నా జ్వరం నువ్వు పడుతున్నావు. గంజి గిన్నె గుమ్మంలో పెట్టి పోయాను."

ఆ గిన్నె నాకు గుర్తుంది. మూడు పొద్దులు మొక్కజొన్న గంజి, వేడిగా, పైన ఆకు మూత. నా భార్య పోయి తొమ్మిదేళ్ళు. నాకు గంజి పెట్టేవాళ్ళు ఇంకెవరు, అసాబే అనుకున్నాను. తల తిప్పి ఆమె వైపు చూశాను.

"నేను పెట్టలేదు," అంది అసాబి. "నీకు జ్వరమని నాకెవరు చెప్పారు? అందుకేనన్నమాట, రోజూ పొద్దున ఈయన గంజి ఎక్కువ కాచమన్నది."

నేను మెట్టు మీద కూర్చున్నాను. ఇలా ఎప్పుడూ కూర్చుని చెప్పింది లేదు. నిలబడి ఒక మాట చెప్పి పోవడమే నా అలవాటు.

"చెప్తాను విను," అన్నాను. "మొదటి రాత్రి చలి. ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ కప్పుకున్నాను, సంతకు నేసిన గుడ్డ పట్టీలతో సహా. ఎముకల్లో ఎవరో మగ్గం వేసినట్టుంది. రెండో రోజు ఎప్పుడో పోయిన అమ్మ వచ్చి చాప చివర కూర్చుంది. నువ్వు పెద్దాడివా చిన్నాడివా అని అడిగింది. చెప్పబోతే నాలుక తిరగలేదు. మూడో రోజు నీళ్ళు కూడా చేదు. పోతాననే అనుకున్నాను. పోతే నీకు ఎవరు చెప్తారు అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున ఆకలేసింది. గంజి మొత్తం తాగాను. చెయ్యి ఎత్తి చూశాను. లేచింది. నీ దగ్గరికి వచ్చి ఆ అబద్ధం చెప్పాను. తర్వాత మగ్గం ఎక్కాను. సాయంత్రానికి ఒక పట్టీ దిగింది. నాకు ఎనిమిది రోజుల్లో రెండు పడ్డాయి కాబట్టి అంత. నీకు పడేది ఒకటి. చేదుగానే ఉంటుంది అన్నా. తర్వాత ఆకలేస్తుంది. అదీ రుచి."

అన్న కళ్ళు మూసుకుని విన్నాడు. అమ్మ కడుపులోంచి నా ఏడుపు కూడా ఇలాగే విని ఉంటాడు.

"మొదటే ఇలా చెప్పి చావొచ్చు కదరా," అన్నాడు.

కళ్ళు తెరిచి దుప్పటి తోసేశాడు.

"అసాబీ, నా చెప్పులేవి?"

*

వానలో ఒకాడాలు, ఆ అద్దె మోటారు బళ్ళు, దొరకవు. అసాబి రోడ్డు మధ్యలో నిలబడి రెండింటిని ఆపింది. అన్న ఒకదాని మీద, నేనూ ఆమే ఇంకోదాని మీద. ఆస్పత్రి చేరేసరికి ఒంటిగంట దాటింది. ఇబాదాన్ వ్యాను అప్పటికే వాకిట్లో ఉంది. డ్రైవరు ఇంజను ఆపలేదు.

బెంచీ మీద, గోడ వారన, జనం. కూర్చున్నవాళ్ళు లేస్తున్నారు, లేచినవాళ్ళు కూర్చుంటున్నారు. ఒకాయన కార్డును చొక్కా లోపల పెట్టి నిమిషానికోసారి తడుముకుంటున్నాడు. అందరి మూతులకూ గుడ్డలు. అన్న కళ్ళజోడుకు ఆవిరి పట్టింది. తీసి అసాబికి ఇచ్చాడు. ఆమె సంచిలో వేసుకుంది.

మా పక్కన ముసలావిడ ఒకతి తడిసిన తలగుడ్డ పిండుకుంటోంది.

"ఈ సూది వేయించుకుంటే రెండేళ్ళలో పోతారట కదమ్మా?" అని ఎవరో అడిగారు ఆమెను.

"నాకు ఎనభై మూడు," అంది ఆవిడ. "రెండేళ్ళు గ్యారంటీగా ఇస్తామంటే వద్దంటానా? అందుకే రెండోసారి కూడా వచ్చాను. ఇంకో రెండు."

బెంచీ మొత్తం నవ్వింది. అన్న నవ్వలేదు. మనుషులను లెక్కపెడుతున్నాడు. నర్సు కిటికీలోంచి అరిచి చెప్పింది, ఆఖరి సీసా మూత తీశాను, పది మందికే వస్తుంది అని. అన్న రెండుసార్లు లెక్కపెట్టాడు.

"మన ముందు తొమ్మిది మంది," అన్నాడు. "పదోది నాది."

నాకు అక్కర్లేదు. నా ఒంట్లో రెండున్నాయి. ఆ పదో సూది అన్న భుజానికి పడితే చాలు. అంతకు మించి ఆ రోజు నాకు ఏదీ అక్కర్లేదు.

వరుస కదిలినప్పుడు అన్న అలవాటుగా నా వెనక నిలబడ్డాడు. భుజాలు పట్టుకుని ముందుకు జరిపాను. అతను అటూ ఇటూ చూశాడు.

"ముందుంటే ఇలా ఉంటుందా," అన్నాడు మెల్లగా. "నీ వీపు కనపడదు."

మా వెనక కార్డు పట్టుకున్న మనిషి ఒకడే ఉన్నాడు. లావుపాటాయన. వస్తూనే "ఎంతమంది, ఎంతమంది" అంటున్నాడు.

రెండుకు పావుగంట ఉందనగా లోపలికి వెళ్ళాం. అన్న, నేను, వెనక అసాబి. బల్ల దగ్గర నర్సు. పేరు అబియోనా. మా ఊరికి కొత్త. మూతికి గుడ్డ మీద గుడ్డ కట్టుకుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. అసాబి కార్డులు రెండూ బల్ల మీద పెట్టింది. ఒకటే పెట్టి ఉండాల్సింది. తొందరలో రెండూ పెట్టింది.

నర్సు మమ్మల్ని చూసింది. ఒకే ఎత్తు, ఒకే నుదురు. మూతులు కనపడవు.

"కవలలా?"

"ఆఁ," అన్నాం ఇద్దరం.

ఆమె కార్డులు చూసింది. పెద్ద పుస్తకం తిప్పింది. ఒక గీత మీద వేలు పెట్టి ఆగింది. కార్డు చూసింది. మళ్ళీ గీత చూసింది.

"కెహిండే. వృత్తి, హెడ్మాస్టరు," అని చదివింది. "హెడ్మాస్టరు వేలిముద్ర వేశాడేంటి?"

నా బొటనవేలు నా అరచేతిలో దాక్కుంది. ఏప్రిల్లో ఆ రోజు అన్న టోపీ గుర్తుంది. అన్న కళ్ళజోడు గుర్తుంది. అన్న సంతకం గుర్తు లేదు. పెన్ను ఇస్తే పక్కన పెట్టి, నా అలవాటు ప్రకారం వేలు ముంచాను.

నర్సు పెన్ను పుస్తకం మధ్యలో పడేసింది.

"ఈ నెలలో ఇది ఏడోది," అంది నర్సు. "ఒకరి పేరు మీద ఇంకొకరు. ఈ కార్డు చెల్లదు. ఈ మనిషికి అసలు మొదటిదే పడలేదు. కొత్త పెట్టె వచ్చాక మొదట్నుంచీ వేయించుకోవాలి."

"ఎప్పుడొస్తుంది తల్లీ?" అంది అసాబి.

"నాకు తెలిస్తే ముందు మా అమ్మకు చెప్తాను."

కెహిండే కార్డును బల్ల చివరకు తోసింది. నాది ముందుకు లాక్కుంది.

"ఇది సరిగ్గా ఉంది. తాయివో, నేతపని, వేలిముద్ర. సీసాలో ఒక్కటే మిగిలింది. తాయివో ఎవరు?"

నిజం చెబుదామని నోరు తెరిచాను. నాకు రెండు పడ్డాయి నర్సమ్మా, అది మా అన్నకు వెయ్యి అని. చెబితే నా కార్డు కూడా కొట్టేస్తుంది. చెప్పకపోతే నన్ను కుర్చీలో కూర్చోబెడుతుంది. రెండింటికీ మధ్య నా నాలుక ఇరుక్కుంది.

"నేను," అన్నాడు అన్న.

అని, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

నర్సు పుస్తకం అతని ముందుకు తిప్పింది. మధ్యలో పెన్ను ఉంది. అన్న చెయ్యి పెన్ను మీదికి పోయింది. ముప్పై నాలుగేళ్ళ చెయ్యి అది, దానంతట అదే పోతుంది. పట్టుకోబోతూ గాలిలో ఆగింది. పెన్నును పక్కకు జరిపాడు. బొటనవేలు సిరా గుడ్డ మీద ఒత్తాడు. నిదానంగా, అక్షరాలు రాని మనిషిలా, కాగితం మీద దొర్లించాడు. ఎత్తేసరికి వేలు నీలం. నా వేళ్ళకు నీలిమందు ఎప్పుడూ ఉంటుంది. అన్న వేలికి నీలం అంటగా చూడడం అదే మొదటిసారి.

బడి తీసుకున్నాడు. అసాబిని తీసుకున్నాడు. ఇప్పుడు నా పేరు తీసుకున్నాడు. ఈ ఒక్కటీ తీసుకున్నందుకు నాకు బాగుంది.

నర్సు సీసా తలకిందులు చేసి సూదిలోకి మందు లాగింది. ఖాళీ సీసా డబ్బాలో పడిన చప్పుడు వినపడింది. అన్న చొక్కా చెయ్యి పైకి మడిచాడు, ఎడమది. కళ్ళు నా మీద ఉన్నాయి. నేను తల ఊపాను. చేదు, తర్వాత ఆకలి.

నర్సు దూదితో భుజం తుడిచి, ఆగింది.

"నేతపని కదా తాతా మీది?"

"ఆఁ."

"జేబులో రెండు పెన్నులు దేనికి?"

అన్న జేబు చూసుకున్నాడు. నల్ల పెన్ను, ఎర్ర పెన్ను. ఎర్రది పిల్లల పేపర్లు దిద్దేది. బడి మానేసి పదేళ్ళయినా అది జేబులోనే ఉంటుంది.

"అవి... అన్నవి," అన్నాడు.

గుమ్మంలోంచి లావుపాటాయన తల పెట్టాడు. "నర్సమ్మా, వాళ్ళు తేల్చుకునేలోపు నాకు వేసేయ్. నా కార్డులో ఏ తిరకాసూ లేదు. నాకు తమ్ముడు కూడా లేడు."

బయట వ్యాను హారన్ కొట్టింది.

నర్సు సూది అలాగే పైకి పట్టుకుని అసాబి వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వు చెప్పు. వీళ్ళలో నీ భర్త ఎవరు?"

అసాబి కుర్చీలో ఉన్న మనిషిని చూసింది. నన్ను చూసింది. ఆమె అబద్ధమాడగా నేను చూడలేదు. లాడెజో భార్యతో కూడా, మీ ఆయన బతకడు, ఏడవడానికి సిద్ధంగా ఉండు అని మొహం మీదే చెప్పిన మనిషి.

నాలుగు అడుగులు వేసి వచ్చి నా పక్కన నిలబడింది. నా చెయ్యి పట్టుకుంది. నీలం వేళ్ళు కనపడకుండా తన పైగుడ్డ కిందికి లాక్కుంది.

"ఈయన," అంది. "యాభై ఏళ్ళుగా ఈయన్నే భరిస్తున్నాను."

ఆమె చెయ్యి చల్లగా ఉంది. నాకు తెలీదు, అంత చల్లగా ఉంటుందని.

నర్సు మా ఇద్దరినీ చూసింది. తర్వాత, బల్ల చివర చెల్లకుండా పడి ఉన్న కార్డు తీసి, వెనక్కి తిప్పి, నా ముందు పెట్టింది.

"అయితే హెడ్మాస్టరుగారూ, దీని వెనక ఏం రాసుందో పైకి చదవండి. చదివారంటే ఈ సూది మీ తమ్ముడికి. తడబడ్డారంటే గుమ్మంలో ఉన్నాయనకు."

కార్డు అందుకున్నాను. ఇంగ్లీషు. ఆరు వరసలు. చీమలు బారు కట్టినట్టున్నాయి. మా భాష అయితే కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు నాకు మూడో తరగతిలోనే ఆగిపోయింది.

అసాబి సంచిలో చెయ్యి పెట్టి అన్న కళ్ళజోడు తీసింది. నా ముక్కు మీద తనే పెట్టింది.

"ఇవి లేకుండా మీరేం చదువుతారు," అంది.

యాభై ఏళ్ళలో ఆమె నన్ను మీరు అనడం మొదటిసారి.

ఆ అద్దాలు అన్న కళ్ళకు కట్టినవి. చీమల వరసలు నీళ్ళలో పడ్డట్టు అలుక్కుపోయాయి. తలెత్తి కుర్చీ వైపు చూశాను. నర్సు వీపు వెనక అన్న ముందుకు వంగాడు. పాఠం రాని పిల్లలకు ముప్పై నాలుగేళ్ళు పెదవులతో అందించిన మనిషి. ఇప్పుడూ అందిస్తున్నాడు. మూతికి కట్టిన గుడ్డ లోపలికీ బయటికీ కదులుతోంది. గుడ్డ ఒక్కటే కనపడుతోంది. పెదవులు కనపడటం లేదు.

గొంతు సవరించుకున్నాను. మిగతాది వచ్చే వారం.